తోడు

వేసవి సెలవులకు మా మేనకోడలు వచ్చింది. వస్తూ వస్తూ ఓ బుట్టెడు మామిడిపళ్ళు, ఓ పాత లాప్‌టాప్ తెచ్చింది. పళ్ళు రెండు రోజుల్లో అయిపోయాయి. లాప్‌టాప్ మాత్రం హాల్లో మూల బల్ల మీద కూర్చుని మూడు రోజులుగా గుయ్యిమంటూనే ఉంది. రాత్రి పదింటికి చూసినా అదే మోత, తెల్లారి అయిదింటికి చూసినా అదే మోత.

"ఆ పెట్టె ఏం రుబ్బుతోందే అమ్మాయ్? గారెల పిండా?" అన్నారు మా అత్తగారు, చేతికర్ర ఆనించుకుని కుర్చీలో కూర్చుంటూ.

"ఆపరేటింగ్ సిస్టమ్ కడుతున్నా మామ్మగారూ."

"అది బజార్లో దొరకదూ?"

"ఎందుకు దొరకదూ? ఊరికే దొరుకుతుంది. డబ్బు కూడా ఇవ్వక్కర్లేదు. అరగంటలో ఎక్కించేసుకోవచ్చు."

అత్తగారు నా వంక చూశారు. నేను ఆవిడ వంక చూశాను. ఊరికే, అరగంటలో వచ్చేదాన్ని మూడు రోజులు రుబ్బుకోవడమేమిటి?

"మరెందుకే తల్లీ ఈ పాట్లు?" అన్నాను.

"లోపల ఏముందో తెలియాలిగా అత్తా!" అంది, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.

నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. లోపల ఏముందో తెలియకుండా మనం ఎన్ని మింగుతున్నామో ఒక్కసారి లెక్క వేసుకోండి. డాక్టరు రాసిన మాత్ర మింగుతాం. బ్యాంకు వాళ్ళు చూపించిన చోటల్లా సంతకం పెడతాం. చేతిలో ఫోను ఏదో అడిగితే చదవకుండానే సరేనని నొక్కుతాం. దీనికంతటికీ మనం పెట్టుకున్న ముద్దు పేరు నమ్మకం. అది నమ్మకమేనా, లేక బద్ధకానికి కట్టిన పట్టుచీరా? నా ప్రశ్న అది.

నేను బి.ఏ. చదివిన మనిషిని. కంప్యూటరుతో నాకున్న పరిచయమల్లా నవలలు టైపు చేసుకోవడం వరకే. అందుకని మర్నాడు ఆ పిల్లను కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పించుకున్నాను. నాకు అర్థమైన భాషలోనే మీకూ చెబుతాను.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కంప్యూటరు అనే ఇంటికి ఇల్లాలు లాంటిది. ఎవరికి ఎంత చోటు, ఎవరి పని ముందు, ఎవరిది తర్వాత, తలుపు తట్టింది ఇంటి మనిషో పరాయి మనిషో, అన్నీ తనే చూసుకుంటుంది. ఒంట్లో బాగున్నంత కాలం ఆవిడ ఉన్నట్టే ఎవరికీ తెలియదు.

ఇక సోర్స్ కోడ్. ఒకప్పుడు మన వారపత్రికల్లో స్వెట్టర్ అల్లికలు వేసేవారు, గుర్తుందా? ఎన్ని కుట్లు ఎక్కించాలి, ఎక్కడ తగ్గించాలి అని వరసవారీగా రాసేవారు. ఆ రాతే సోర్స్ కోడ్. అల్లేసిన స్వెట్టర్, మనం కంప్యూటరులో నడిపించే ప్రోగ్రాము. ఆ రాతను స్వెట్టర్‌గా మార్చే చెయ్యి పేరు కంపైలర్. స్వెట్టర్ ఒక్కటే ఇస్తే తొడుక్కోగలం. కానీ మెడ బిగువైతే ఏ వరస దగ్గర విప్పాలో తెలియదు. అల్లిక కూడా ఇస్తే మన కొలతకు మనమే మార్చుకోవచ్చు, పక్కింటావిడకు చెప్పనూవచ్చు.

మొదట్లో ఈ రంగంలో అందరూ అల్లికలు పంచుకునేవారట. తర్వాత కంపెనీలు స్వెట్టర్లు అమ్మి అల్లికలు దాచెయ్యడం మొదలుపెట్టాయి. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎం.ఐ.టి. ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయనకు ఓ ప్రింటరుతో తగువొచ్చింది. పాత ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే, ఎదురుచూస్తున్న వాళ్ళందరికీ కబురు వెళ్ళేలా ఆయన దాని ప్రోగ్రాము దిద్దుకున్నాడు. కొత్త ప్రింటరుకు సోర్స్ ఇవ్వలేదు. అది తన దగ్గరున్న మరో విశ్వవిద్యాలయం మనిషిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాటిచ్చానన్నాడు. ఇరుక్కున్న కాగితం ఎవరైనా తీసేస్తారు. ఈయన మాత్రం ఇరుక్కున్న న్యాయాన్ని తీద్దామని బయల్దేరాడు. 1983 సెప్టెంబరులో, అందరూ చదవగలిగే, దిద్దగలిగే, పంచుకోగలిగే పూర్తి వ్యవస్థ ఒకటి కడతానని ప్రకటించాడు. దాని పేరు గ్నూ. 1989లో దానికో లైసెన్సు రాశాడు. తీసుకున్నది దిద్ది ఇంకొకరికి ఇస్తే, అల్లిక కూడా ఇచ్చి తీరాలి. అదీ షరతు.

1991లో ఫిన్లండ్‌లో లైనస్ తోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్కేళ్ళ విద్యార్థి ఆ వ్యవస్థకు కావలసిన గుండెకాయ, అంటే కెర్నల్, తన సరదాకి రాసి బయటపెట్టాడు. మర్నాటి ఏడు, 1992లో, దాన్ని స్టాల్‌మన్ రాసిన లైసెన్సు కిందికే తెచ్చాడు. దాని పేరు లైనక్స్. ఇవాళ దాని సోర్స్ కోడ్ మూడు కోట్ల పంక్తులు దాటింది. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని 500 అతిపెద్ద కంప్యూటర్ల జాబితాలో ప్రతి ఒక్కటీ దాని మీదే నడుస్తోంది. అంత దూరమెందుకు, మీది ఆండ్రాయిడ్ ఫోనైతే అందులోనూ ఉన్నది ఆ గుండెకాయే.

ఇంత పెద్దదాన్ని నా మేనకోడలు మా హాల్లో కట్టేస్తోందా అనుకోకండి. దానికో పుస్తకం ఉంది. జెరార్డ్ బీక్‌మన్స్ అనే ఆయన 1999లో మొదలుపెట్టినది, 'లైనక్స్ ఫ్రమ్ స్క్రాచ్'. సుమారు 80 ప్యాకేజీలు ఏ వరసలో కట్టాలో అంచెలంచెలుగా చెబుతుంది. ఎవరైనా ఊరికే చదువుకోవచ్చు. అందులో నాకు భలే నచ్చింది ఒకటుంది. ఏ ప్యాకేజీ కట్టడానికి ఎంతసేపు పడుతుందో నిమిషాల్లో చెప్పరు. ఒక్కొక్కరి కంప్యూటరు వేగం ఒక్కోలా ఉంటుంది కదా! అందుకని మొట్టమొదట కట్టిన ప్యాకేజీకి మీ ఇంట్లో ఎంతసేపు పట్టిందో అదే కొలత అంటారు. ఫలానాదానికి దానికి నాలుగింతలు, ఫలానాదానికి పదింతలు. మన వంటింట్లో బియ్యానికి గ్లాసు కొలత లాంటిదన్నమాట. ఏ గ్లాసని ఎవరూ అడగరు. ఆ గ్లాసుతోనే నీళ్ళూ పొయ్యాలి, అంతే.

"అయితే శూన్యంలోంచి మొదలుపెట్టి కడతావన్నమాట," అన్నాను మెచ్చుకోలుగా.

పిల్ల నవ్వింది. "అదేం లేదత్తా. ముందు ఇంకో లైనక్స్ ఉండాలి. దాంట్లో ఉన్న కంపైలర్‌తోనే నా కంపైలర్‌ను కట్టుకోవాలి. దాంతో కొన్ని తాత్కాలికమైన పనిముట్లు చేసుకోవాలి. తర్వాత కొత్త ఇంట్లోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుని, పాత ఇంటి వస్తువేదీ ముట్టుకోకుండా, అన్నీ మళ్ళీ కట్టుకోవాలి."

"కంపైలర్ కట్టడానికి కంపైలర్ కావాలా?"

"పెరుక్కి పెరుగు కావద్దూ?" అన్నారు అత్తగారు కుర్చీలోంచి.

చూశారా! మూడు రోజులుగా నేను పట్టుకోలేకపోయిన కీలకం ఆవిడ ఒక్క మాటలో పట్టేశారు. పాలు ఎంత చిక్కనివైనా కానివ్వండి, గిన్నె ఎంత తోమినా తోమండి. నిన్నటి పెరుగు ఒక్క చుక్క తోడు వెయ్యకపోతే ఇవాళ్టి పెరుగు లేదు. నిన్నటిదానికి మొన్నటిది. మొన్నటిదానికి ఆ ముందుది. అలా వెనక్కి వెళితే మా ఇంటి తోడు, నేను కాపరానికి రాకముందు అత్తగారు ఏ ఊళ్ళో ఏ పక్కింటావిడ దగ్గర తెచ్చుకున్నారో అక్కడికి పోతుంది. ఆవిడకెవరిచ్చారో! ఏ ఇల్లాలూ పెరుగును తానే పుట్టించానని చెప్పుకోలేదు.

మరి ఆ తోడులోనే ఏదైనా ఉంటే?

ఈ అనుమానం నాకే కాదు, యూనిక్స్ అనే వ్యవస్థను సృష్టించిన ఇద్దరిలో ఒకరైన కెన్ థాంప్సన్‌కు కూడా వచ్చింది. ఆ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమతి అందుకున్న సందర్భంలో ఆయన చేసిన ప్రసంగం 1984లో అచ్చయింది. నలుగురు పెద్దలు మెచ్చుకుంటుంటే మనమైతే ధన్యవాదాలు చెప్పి దిగిపోతాం. ఈయన ఓ దొంగతనం ఎలా చెయ్యవచ్చో విప్పి చెప్పాడు. కంపైలర్‌కు ఓ చెడు విద్య నేర్పాలి. తలుపు కాపలా కాసే ప్రోగ్రామును అల్లేటప్పుడు దొంగకు కూడా ఓ తాళంచెవి కలిపి అల్లెయ్యాలి. అంతే కాదు, కొత్త కంపైలర్‌ను అల్లేటప్పుడు ఈ విద్యను దానికీ నేర్పాలి. ఆ తర్వాత సోర్స్ కోడ్‌లోంచి ఆ పంక్తులు చెరిపేసినా ఫరవాలేదు. రాతలో ఏ పాపమూ కనపడదు, తోడులో మాత్రం తరం నుంచి తరానికి పోతూనే ఉంటుంది. నువ్వు స్వయంగా రాయని కోడ్‌ను పూర్తిగా నమ్మలేవు. ఆయన చెప్పిన నీతి అదీ.

అది విన్నాక నాకు నీరసం వచ్చింది. లోపల ఏముందో తెలుసుకుందామని బయల్దేరితే, తెలుసుకునే కళ్ళజోడే మసకదని తేలితే ఏం చేస్తాం?

మనుషులు ఊరుకోలేదు లెండి. డేవిడ్ వీలర్ అనే ఆయన ఓ ఉపాయం చెప్పాడు. అది మన ఇళ్ళలో పద్ధతే. మీ తోడు మీద అనుమానమా? సంబంధం లేని ఇంకో ఇంటి నుంచి తోడు తెచ్చి, దాంతో కంపైలర్‌ను కట్టి, దాంతో మళ్ళీ ఓసారి కట్టి చూడండి. పాత దారిలో వచ్చినదీ కొత్త దారిలో వచ్చినదీ అక్షరం పొల్లు పోకుండా ఒకటే అయితే నిశ్చింతగా ఉండొచ్చు. తేడా వస్తే ఎక్కడో తిరకాసుందన్నమాట. ఇంకో బృందం అసలు తోడే వీలైనంత చిన్నది చేద్దామని పంతం పట్టింది. గిక్స్ అనే వ్యవస్థ వాళ్ళు 2023లో 357 బైట్ల చిన్న విత్తనం నుంచి మొదలుపెట్టి మెట్టు మెట్టుగా మొత్తం కట్టి చూపించారు. 357 బైట్లంటే, కంప్యూటరు దాచుకునే లెక్కలో తెలుగులో గుణింతాల గుర్తులతో కలిపి 119 అక్షరాలు. నేను ఓ నిట్టూర్పు రాసినా అంతకన్నా ఎక్కువే అవుతుంది. ఒక మనిషి కూర్చుని గుర్తు గుర్తూ చూసి ఇందులో ఏమీ లేదని చెప్పగలిగినంత చిన్నది. అయినా ఆ విత్తనం మొలకెత్తడానికి కింద ఓ యంత్రం, దానికో కెర్నల్ ఉండనే ఉండాలి. మట్టిని కూడా మనమే పుట్టించలేం కదా!

మరో ముచ్చట. ఒకే సోర్స్‌ను వేర్వేరు ఊళ్ళలో ఇద్దరు కడితే ఒకే ఫలితం రావాలని మనం అనుకుంటాం. రాదట. కట్టిన తేదీ, గంట ఓ చోట చేరతాయి. ఏ ఫోల్డరులో కట్టారో ఆ పేరు ఓ చోట చేరుతుంది. ఫైళ్ళు ఏ వరసలో కంటపడ్డాయో ఆ తేడా ఇంకో చోట. వంటలో అయితే దీన్నే చేతి మహిమ అంటాం. వదినగారి పులిహోర వదినగారే చెయ్యాలని పొగుడుతాం. కానీ డెబియన్ వాళ్ళూ ఇంకా కొందరూ ఏళ్ళ తరబడి కూర్చుని ఈ చేతి మహిమను ఒక్కొక్కటే ఏరి పారేస్తున్నారు. (అన్నట్టు, డెబియన్‌ను 1993లో మొదలుపెట్టిన ఇయన్ మర్డాక్ తన పేరుకు ముందు తన ప్రేయసి డెబ్రా పేరు చేర్చి ఆ పేరు పెట్టాడు. యంత్రాల చరిత్రలో ఆడపేరు ముందు రావడం నాకు సంతోషమే!) ఎందుకు ఏరుతున్నారయ్యా అంటే, నా చెయ్యి మంచిది, నన్ను నమ్మండి అనే అవసరం లేకుండా చెయ్యడానికి. ఎవరైనా కట్టి సరిచూసుకోవచ్చు. రచయిత్రిని కాబట్టి నాకిది మొదట చేదుగా తోచింది. సంతకం చెరుపుకోవడం గొప్పా? ఆలోచిస్తే గొప్పే. నమ్మమని అడగకుండా, చూసుకోమని తలుపు తెరిచి పక్కకు తప్పుకోవడం చిన్న వినయం కాదు.

"మరి ఇన్ని జాగ్రత్తలున్నాక దొంగ ఎలా వస్తాడే?" అన్నాను.

పిల్ల మొహం మారింది. "వచ్చాడత్తా. ఇప్పుడిప్పుడే, 2024లో. కోడ్‌లోంచి కాదు. ఒక మనిషి అలసటలోంచి వచ్చాడు," అంది.

ఆ కథ వినండి. ఫైళ్ళను చిన్నగా నొక్కిపెట్టే ఎక్స్‌జెడ్ అనే చిన్న పనిముట్టు ఒకటుంది. చాలా లైనక్స్ వ్యవస్థల్లో ఎక్కడో అడుగున, ఎవరి కంటా పడకుండా ఉంటుంది. ఏళ్ళ తరబడి దాన్ని చూసుకుంటున్నది ఫిన్లండ్‌కు చెందిన లాసె కోలిన్ అనే ఒకే ఒక్క మనిషి. జీతం లేదు, సెలవు లేదు. 2022లో కొన్ని పేర్లతో ఉత్తరాలు మొదలయ్యాయి. పనులు ఆలస్యమవుతున్నాయి, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించరాదా అని పోరు. ఆయన తన ఓపిక తగ్గిందనీ, ఇది జీతం లేకుండా సరదాకి చేసే పని అనీ బహిరంగంగానే చెప్పుకున్నాడు. అప్పటికే జియా తాన్ అనే పేరుతో ఒకరు వినయంగా, ఓర్పుగా, చక్కగా సాయం చేస్తున్నారు. ఎవరైనా ఏం చేస్తారు? కాస్త బరువు అటు దించారు. ఆ జియా తాన్ మెల్లగా ఇంట్లో మనిషి అయిపోయాడు. రెండేళ్ళు నమ్మకంగా పనిచేశాడు. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో విడుదల చేసిన రెండు వెర్షన్లలో దొంగ తలుపు పెట్టాడు.

ఎక్కడ పెట్టాడో తెలుసా? అందరూ తెరిచి చూసే సోర్స్ భాండారంలో కట్టుబడి సూచనలు శుభ్రంగానే ఉన్నాయి. విడుదల కోసం కట్టిన మూటలో మాత్రం ఆ సూచనల్లో కొన్ని పంక్తులు ఎక్కువున్నాయి. అసలు విషం పరీక్షల కోసం ఉంచామన్న ఫైళ్ళలో దాచి ఉంది. సోర్స్ నుంచి శ్రద్ధగా కట్టి జనానికి అందించే వాళ్ళే, తెలియక, తమ చేత్తోనే దాన్ని వండారు. లోపల ఏముందో తెలియాలి అన్న నా మేనకోడలి మంత్రం అక్కడ పనిచెయ్యలేదు.

మరి బయటపడిందెలా? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన పని తాను చేసుకుంటూ, దూరపు కంప్యూటరులోకి లాగిన్ అవడానికి అర సెకను ఆలస్యమవుతోందని గమనించాడు. అర సెకను! మనమైతే కరెంటు తక్కువగా ఉంది కాబోలు అనుకుంటాం. ఆయన ఎందుకని అడిగాడు. మూత తీసి చూశాడు. మార్చి 29న ప్రపంచానికంతటికీ కబురు చేశాడు. ఆ వెర్షన్లు అప్పటికి ఇంకా ఎక్కువగా పరీక్షల దశలోనే ఉండబట్టి గండం గడిచింది.

ఈ కథ విని మావారు కొట్టిపారేశారు. "చూశావా, తలుపులు బార్లా తెరిచి పెట్టుకుంటే జరిగేది ఇదే. కంపెనీ వాడైతే తాళం వేసుకుని కూర్చుంటాడు," అన్నారు.

"తాళం వేసిన ఇంట్లో దొంగ దూరితే బయటివాడు చూసేదెలా మామయ్యా? అర సెకను ఆలస్యం వాళ్ళకీ తెలిసేది. మూత తీసి చూసే హక్కే ఉండేది కాదు," అంది పిల్ల.

ఇద్దరి మాటా నేను విన్నాను కానీ, నా మనసు ఆ దొంగ మీదా లేదు, పట్టుకున్న ఆయన మీదా లేదు. నాకు ఓపిక తగ్గింది అన్న ఆ మొదటి మనిషి మీద ఆగిపోయింది. ఎందుకో చెబుతాను. చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

కిందటేడు కార్తీకంలో మా అత్తగారు స్నానాల గదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను, ఆస్పత్రి, హడావుడి. మూడో రోజు పొద్దున నేను ఇంటికొచ్చి, అన్నం కలుపుకుందామని చూస్తే పెరుగు లేదు. అలమారలో లేదు, ఫ్రిజ్‌లో లేదు. తోడు వేసుకుందామన్నా చుక్క లేదు, ఉన్నది కాస్తా ముందు రోజు రాత్రి మావారు ఊడ్చేశారు. నేను కాపరానికొచ్చి ఇరవై రెండేళ్ళు. అన్నేళ్ళలో ఆ ఇంట్లో పెరుగు లేని రోజు అదే మొదటిది. అప్పుడు తెలిసింది, ప్రతి రాత్రీ అందరూ పడుకున్నాక పాలు గోరువెచ్చన చేసి, మర్నాటి తోడుకు ఓ చెంచా వేరే దాచి, గిన్నె మీద మూత పెట్టి పడుకునేది ఒక్క మనిషేనని.

అందులో రహస్యం ఉందా? లేదు. పాలు తోడుపెట్టడం ఆ ఇంట్లో ఎవరికి రాదు? అల్లిక అందరి దగ్గరా ఉంది. తలుపు తెరిచే ఉంది. ఎవరైనా చెయ్యొచ్చు. ఎవరైనా చెయ్యొచ్చు కాబట్టే ఎవరూ చెయ్యలేదు.

పైగా ఆవిడ చెప్పారు. పడడానికి నెల ముందే, "ఈమధ్య రాత్రిళ్ళు పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నానే," అన్నారు. "డాక్టరుకు చూపిద్దాం లెండి అత్తయ్యా," అని నేను నా ప్రూఫులు దిద్దుకుంటూ కూర్చున్నాను. ఇంతకీ ఆ ప్రూఫులు దేనివో తెలుసా? ఇల్లాలి చాకిరీ ఎవరి కంటికీ ఆనదని ఇరవై పేజీలు రాసిన నవలవి. ఆ పేజీలకు పాఠకురాళ్ళ దగ్గర్నించి నాకు ఎన్ని ఉత్తరాలొచ్చాయని! ఆ ఉత్తరాలు చదువుకుని మురిసిపోతూ నేను తిన్న పెరుగన్నంలో పెరుగు ఎవరిది?

అందుకే ఆ ఫిన్లండ్ మనిషి మాట నా చెవిలో ఆవిడ గొంతుతో వినపడింది.

ఇప్పుడు నా మొదటి ప్రశ్నకొస్తాను. లోపల ఏముందో తెలియకుండా నమ్మడం బద్ధకమా అని కదా? సగం అవును. కానీ దానికి మందు అన్నిటినీ అనుమానించడం కాదు. మూడు కోట్ల పంక్తులు ఎవరు చదువుతారు? మాత్రలో ఏముందో, కాగితంలో ఏముందో, కోడ్‌లో ఏముందో అన్నీ మనమే చూసుకోవాలంటే ఒక జన్మ చాలదు. పోనీ, అన్నీ సొంతంగా కట్టుకుందామా అంటే, మొదటి తోడు ఇంకొకరు పెట్టాల్సిందే. ఒంటరిగా నిలబడాలన్న పట్టుదల అక్కడే ఓడిపోతుంది.

తెరిచి పెట్టిన వస్తువులో ఓ మోసం ఉంది. ఎవరైనా చూడొచ్చు అన్న మాట మన మనసులో ఎవరో చూసే ఉంటారుగా అని మారిపోతుంది. ఆ రెండు మాటల మధ్య ఓ మనిషి నలిగిపోతుంటాడు. చాలా ఇళ్ళలో నలిగిపోతుంటుంది అనాలి. తలుపు తెరిచి ఉంచడం ధర్మమే. ఆ తలుపు లేకపోతే ఫ్రాయిండ్ లోపలికి చూడగలిగేవాడు కాదు. కానీ తెరిచిన తలుపు సగం ధర్మం. లోపల పొయ్యి దగ్గర ఎవరున్నారు, ఎంతసేపటి నుంచి నిలబడ్డారు అని అడగడం మిగతా సగం.

నమ్మడమంటే కళ్ళు మూసుకోవడం కాదు, వంతు వేసుకోవడం. నాకు తోచింది అంతే. అందరూ కోడ్ రాయక్కర్లేదు. డెబియన్‌లో 60,000కు పైగా ప్యాకేజీలున్నాయి, వాటిని చూసుకునేది ప్రపంచం నలుమూలలా ఉన్న స్వచ్ఛంద సేవకులు. ఒకరు కడతారు, ఒకరు తప్పు చూపిస్తారు, ఒకరు డబ్బిస్తారు, ఇంకొకరు తమ భాషలోకి తెస్తారు. మన హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు లైనక్స్‌ను తెలుగులోకి తెచ్చింది అలాగే. ఏమీ చేతకాకపోతే, ఏమయ్యా, ఒంట్లో బాగుందా అని ఒక మాట రాయొచ్చు. ఆ మాట తగిన వేళకు, తగిన మనిషి నోట వచ్చి ఉంటే దొంగకు అంత చోటు దొరికేదా అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

ఇక మా ఇంటి సంగతి. అత్తగారు ఆస్పత్రి నుంచి వచ్చాక ఫ్రిజ్ మీద ఓ కాగితం అంటించాం. సోమవారం నేను, మంగళవారం మా అబ్బాయి, అలా తోడుపెట్టే వంతులు. గురువారం మావారిది. ఆవిడ మొదట ఒప్పుకోలేదు. "నేను బతికుండగా మగపిల్లల చేత తోడు పెట్టిస్తారా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పని తీసేసుకోవడం కూడా ఒక్కోసారి మనిషిని తీసేసినట్టే అవుతుంది కాబోలు. అందుకని చివరికి ఆవిడకో పని మిగిల్చాం. కుర్చీలోంచే గిన్నె బయటి నుంచి ముట్టుకుని, పాలు సరైన వేడిలో ఉన్నాయో లేదో చెప్పడం. ఆ అధికారం ఇప్పటికీ ఆవిడదే.

నాలుగో రోజు, అంటే శుక్రవారం తెల్లవారుజామున, హాల్లోంచి కేక వినిపించింది. "అత్తా! లేచింది!" పరుగెత్తుకెళ్ళి చూద్దును కదా, నల్లటి తెర, నాలుగు తెల్లటి ముక్కలు, పేరేమిటని అడుగుతూ మిణుకుమనే ఓ గీత. అంతే.

"ఇందుకా నాలుగు రోజులు?" అన్నాను.

"అవును," అంది పిల్ల. నిద్ర లేక ఎర్రబడ్డ కళ్ళతో పురిటి పిల్లను చూసుకున్నట్టు చూసుకుంటోంది. "పుస్తకంలో ఓ చోట ఒక సూచన సరిగ్గా అర్థం కాక నాకు ఓ పూట పోయిందత్తా. వాళ్ళకి ఉత్తరం రాయాలి. నా తర్వాత వచ్చేవాళ్ళకి ఆ పూట పోకూడదు."

అంతలో వంటింట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఒరే, నిన్న గురువారం కదరా?"

మావారు తువ్వాలు భుజాన వేసుకుని ఫ్రిజ్ ముందు నిలబడి ఉన్నారు. గిన్నె ఖాళీ. దాచాల్సిన చెంచాడు తోడు కూడా లేదు. ఆయన ఆ కాగితం వంక ఓసారి, తల్లి వంక ఓసారి చూశారు. తర్వాత మాట్లాడకుండా చిన్న గిన్నె ఒకటి తీసుకుని, చెప్పులు వేసుకుని, పక్కింటి తలుపు తట్టడానికి బయల్దేరారు.